అన్నం తపేలా కింద క్లచ్ ప్లేటు

పోయిన నెల మా తమ్ముడు ఖిదిర్‌పూర్ ఇల్లు ఖాళీ చేసి, కొడుకు సుజన్ కొన్న సాల్ట్ లేక్ ఫ్లాటుకి మారాడు. సామాన్లు సర్దడానికి నన్ను పిలిచారు. నా వల్ల ఏదో సాయం అవుతుందని కాదు. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో చెప్పే పెద్దదిక్కు ఒకరుంటే, తరవాత ఏదైనా కనబడకపోతే తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని. వంటింటి అటక మీద నుంచి సుజన్ ఒక ఇనప చక్రం దించాడు. పళ్లెమంత వెడల్పు, మధ్యలో పళ్లున్న రంధ్రం, దాని చుట్టూ స్ప్రింగులు, అంచు పొడుగునా నల్లగా మాడిన పట్టీ. "పిషీ, ఏటిది? పాతకాలం సరుకా? గోడకి తగిలిస్తే దారుణ్‌గా ఉంటాది" అన్నాడు. మా పిల్లల నోట్లో అత్త అనే మాట ఎప్పుడో బెంగాలీ పిషి అయిపోయింది, భలే అనే మాట దారుణ్ అయిపోయింది. ఏటి మాత్రం ఇంకా ఏటిగానే మిగిలింది.

అది క్లచ్ ప్లేటు అని చెప్పాను. వాడు తెల్లమొహం వేశాడు. వాడి తప్పేం లేదు. వాడి కొత్త కారుకి క్లచ్ పెడలే లేదు. ఎడమ కాలు జమీందారులా ఊరికే కూర్చుని ఊరంతా తిరిగొస్తుంది. నా ఎడమ కాలికి అంత సుఖం పట్టలేదు. దాని మీద తొమ్మిది మంది పెద్దమనుషులు సమావేశమై, ప్రార్థన చేసి, టీ తాగి, ఒక తీర్మానం రాశారు. ఆ తీర్మానంలో దోషి నా కాలు. అసలు దోషం ఎక్కడుందో మా ఇంట్లో మూడు పూటలా అన్నం తపేలా కింద కనబడుతూనే ఉండేది.

మా నాన్న దానియేలు ఓడరేవు డాకుల్లో క్రేన్ మేస్త్రి. శ్రీకాకుళం నుంచి ఓడ సరుకులు మొయ్యడానికి వచ్చిన తండ్రికి పుట్టి, బరువులు ఎత్తే పని తప్పించుకుని, బరువులు ఎత్తే యంత్రాన్ని బాగుచేసే పనిలో పడ్డాడు. ఆయన దేవుణ్ణి ఆదివారం కొలిచేవాడు, గ్రీజుని మిగతా ఆరు రోజులూ కొలిచేవాడు. తలుపు కిర్రుమంటే గ్రీజు, కుట్టు మిషను బిగుసుకుంటే గ్రీజు, గొడుగు తెరుచుకోకపోతే గ్రీజు. ఒకసారి చర్చి హార్మోనియంలో రెండు మెట్లు మూగబోతే వాటికీ పట్టించాడు. ఆ తరవాత అది పాడిన పాటలు పరలోకానికి చేరాయో లేదో తెలియదు గాని రెండో బెంచీ దాకా మాత్రం చేరలేదు. మా ఇంట్లో ఎండు చేపల వాసన, కిరసనాయిలు వాసన, గ్రీజు వాసన ముగ్గురు తోడికోడళ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కాపురం చేసేవి. మా అమ్మ సుందరమ్మ ఆ మూడింటికీ అత్తగారిలాగా, ఏమీ అనకుండా, అన్నీ చూస్తూ ఉండేది.

మా చర్చి సంఘానికి ఒక జీపు ఉండేది. దేశం విడిచి వెళ్తూ ఒక దొర వదిలేసి వెళ్లిన బండి. యుద్ధంలో పని చేసి, వేలంలో అమ్ముడై, చివరికి దేవుడి సేవలోకి వచ్చింది. గుడ్డ కప్పు, తలుపులు లేవు. కొండల్లో, బురదలో, దారి లేని చోట పరిగెత్తడానికి పుట్టిన ఆ బండి మా అయ్యగారిని ఎక్కించుకుని ఖిదిర్‌పూర్ నుంచి భవానీపూర్, భవానీపూర్ నుంచి మెటియాబ్రుజ్, పెళ్లి ఉంటే పెళ్లికి, సమాధి ఉంటే సమాధికి తిరిగేది. అయ్యగారంటే మా పాస్టరు. చాలా మంచివాడు కాబట్టి ఆయన మాట ఎవరూ వినేవారు కాదు. సంఘం నడిపేది కమిటీ. అందులో తొమ్మిది మంది. బండి నడపడం వచ్చినవాడు మా నాన్న ఒక్కడే. బండి గురించి మాట్లాడటం మాత్రం తొమ్మిది మందికీ వచ్చు.

శనివారం సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తెల్ల లుంగీ కట్టి, గ్రీజు గన్ను చేతిలో పుచ్చుకుని చర్చి ఆవరణలోకి వెళ్లేవాడు. మిగతావాళ్లు ఆదివారానికి మనసు సిద్ధం చేసుకుంటే ఆయన జీపుని సిద్ధం చేసేవాడు. ఎక్కడ రెండు ఇనప ముక్కలు తగులుతున్నాయో అక్కడల్లా గ్రీజు కొట్టేవాడు. తిరిగొచ్చాక ఆ లుంగీ చూసి అమ్మ ఒక నిట్టూర్పు విడిచేది. అది మా ఇంట్లో శనివారం ముగిసిందని గుర్తు.

అప్పుడు నాకు ఇరవై దాటాయి. నర్సింగు చదువు సగంలో ఆగిపోయి ఇంట్లో ఉన్నాను. నది ఒడ్డున ఒక చిన్న దవాఖానా ఉండేది. అక్కడి డాక్టరమ్మకి మెటియాబ్రుజ్ సందుల్లో ఇంటింటికీ తిరిగే మనిషి కావాలి. ఆ ఇళ్లలో ఆడవాళ్లు మగ డ్రైవరు గుమ్మంలో ఉంటే నోరు విప్పేవారు కాదు. అందుకని బండి కూడా తనే నడుపుకునే ఆడమనిషి కావాలి. "లైసెన్సు తెచ్చుకో, ఉద్యోగం నీదే" అంది. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, రాత్రి నిద్రలో కూడా ఎడమ కాలితో మంచం పట్టీ తొక్కేదాన్నట. నాన్న కమిటీలో అడిగాడు. ఒక్క ఓటు తేడాతో నాకు జీపు నేర్చుకునే అనుమతి దొరికింది. ఆ ఒక్క ఓటు కూడా, అభ్యర్థి ఎవరో సరిగ్గా వినబడని ఒక ముసలాయనది.

కూతురి సంగతి కాబట్టి నాన్న ఓటు వెయ్యలేదు. సెక్రటరీ సాల్మన్ గారూ వెయ్యలేదు. ఆయన ఓడల ఆఫీసులో గుమస్తా. ఇంట్లో అందరిలాగే మాట్లాడేవాడట గాని కమిటీలో మాత్రం బైబిలు భాష తప్ప ఇంకోటి నోట రానిచ్చేవాడు కాదు. "సహోదరులారా, కాలమే సాక్ష్యమిచ్చును" అని ఊరుకున్నాడు.

మూడు నెలల్లో కాలం సాక్ష్యమిచ్చింది. మెటియాబ్రుజ్‌లో ప్రార్థన కూటానికి వెళ్తున్నాం. నేను నడుపుతున్నాను. పక్కన అయ్యగారు, వెనక సాల్మన్ గారు, ఆయన ఒళ్లో హార్మోనియం. డాకు వంతెన ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారిగా గోల పెట్టింది. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ గోల పెరిగింది గాని బండి అంగుళం కదల్లేదు. చాలా చప్పుడు, బోలెడు వేడి, కదలిక శూన్యం. అచ్చం మా కమిటీలాగే. మాడిన వాసన వచ్చింది. వెనక లారీల హారన్లు మొదలయ్యాయి. "ఓ దీదీ, ఠేల్‌బో నాకి?" తొయ్యమంటావా అని అడుగుతూ నలుగురు కూలీలు వచ్చి తోసి పెట్టారు. సాల్మన్ గారు హార్మోనియంతో సహా దిగి, జీపు ముందు భాగం చూసి, వెనక భాగం చూసి, చివరికి నా కాళ్ల వైపు చూశాడు.

మర్నాడు కమిటీ రోగ నిర్ణయానికి కూర్చుంది. ఒకాయన పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందన్నాడు. ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోశారు. జీపు కదల్లేదు. ఇంకొకాయన ప్లగ్గులన్నాడు. ప్లగ్గులు తీసి, గీకి, మళ్లీ పెట్టారు. మూడో ఆయన, యుద్ధంలో మనుషుల్ని చంపిన బండి కాబట్టి ఉపవాస ప్రార్థన కావాలన్నాడు. అదీ చేశారు. జీపు తప్ప అందరూ చిక్కిపోయారు. అప్పుడు సాల్మన్ గారు లేచాడు. "సహోదరులారా, ఇన్ని ఏండ్లు పురుషుల పాదములను భరించిన వాహనము మూడు మాసములలో ఏల చెడెను? ఆలోచించుడి." వాళ్లు ఆలోచించలేదు, ఒప్పుకున్నారు. కుమారి కరుణ యొక్క ఎడమ పాదము వలన సంఘ వాహనమునకు నష్టము కలిగెను గనుక ఆమె దానిని ఇకమీదట ముట్టరాదు అని మినిట్స్‌లో రాశారు. నా లైసెన్సు పరీక్షకి అప్పటికి పదిహేను రోజులే ఉంది. పరీక్షకి బండి మనమే తీసుకెళ్లాలి. ఈ భూమ్మీద నాకు దొరికే బండి అదొక్కటే.

"సూడకండా ఎవులి కాలని ఎలాగ సెప్తారు?" అని నాన్న గొణిగాడు. ఆ గొణుగుడుకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వెళ్లి మెటియాబ్రుజ్ నుంచి ఇద్రిస్ చాచాని పిలుచుకొచ్చాడు. ఇద్రిస్ చాచా లారీల మిస్త్రీ. చిన్నప్పటి నుంచీ డాకుల్లో మావాళ్ల మధ్యే తిరిగినవాడు కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేవాడు.

ఆయన ముందు చేత్తో క్లచ్ పెడల్ నొక్కి చూశాడు. అంగుళం మేర వదులుగా దిగి, తరవాత బిగుసుకుంది. "ఖాళీ దిగుడు సరిగ్గానే ఉన్నాది" అన్నాడు. తరవాత బండెక్కి, ఇంజను స్టార్టు చేసి, హ్యాండు బ్రేకు బిగించి, టాప్ గేరులో వేసి, పెడల్ మీద నుంచి కాలు మెల్లగా తీసేశాడు. ఇంజను ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంది. "సూసినావేటి బేటీ? బ్రేకు కట్టేసి పెద్ద గేరులో వొదిలేస్తే ఇంజను అక్కడికక్కడే సావాల. సావనేదు. అంటే లోపల ప్లేటు పట్టట్లేదు, జారిపోతంది." కమిటీ వారం రోజులు తిని, ఉపవాసం ఉండి, తేల్చలేనిది ఆయన నిమిషంలో తేల్చాడు. టీ కూడా అడగలేదు.

జీపుని ఇటుకల మీదకి ఎత్తి విప్పడం మొదలుపెట్టారు. పైన ఇనప రేకు, కింద షాఫ్టులు, తరవాత గేరు పెట్టె. ఒక్కొక్క బోల్టూ నేను కిరసనాయిల్లో కడిగి వరసగా గుడ్డ మీద పెట్టాను. గేరు పెట్టె వెనక్కి లాగగానే కిందకి ఏదో జారి పడింది. నల్లటి జిగురు ముద్ద. ప్లేటు బయటికి తీస్తే అది నెయ్యి రాసిన రొట్టెలా మెరుస్తోంది. ఇద్రిస్ చాచా గోటితో పట్టీని గీకాడు. "అరిగిపోనేదు. ఇంకా రెండేల్లు వొస్తాది. ఇదిగో, బేరింగు సూడు, కొత్త పెళ్లికూతురు. పెడల్ మీద ఎవులైనా కాలేసుక్కూకుంటే ముందు ఇది పోతాది. నీ కాలు బంగారం బేటీ. ఆ ప్లేటు గ్రీజు తాగేసింది, అందికే జారిపోతంది. ఇంక దీన్ని కడిగినా లాభం నేదు." తరవాత క్లచ్ ఫోర్కు, అంటే పెడల్ తొక్కితే ప్లేటుని వదిలించే కడ్డీ, బయటికొచ్చే సందు చూపించాడు. దాని అంచుల నిండా గ్రీజు పేరుకుపోయి ఉంది. "ఎవులు కొట్టినారు ఇందులో?"

అక్కడ ఉన్నది ముగ్గురం. గ్రీజు గన్ను ఉన్నది ఒకరికి.

ఇద్రిస్ చాచాకి మనిషి మొహం చదవడం కూడా వచ్చు. గొంతు తగ్గించి, "క్రేనుకి అది మందే దానేలు భాయ్. దీనికి మాత్రం విషం. మొత్తం బండిలో పొడిగా ఉండాల్సింది ఇదొక్కటే" అన్నాడు. మల్లిక్ బజార్ నుంచి ఆయనే కొత్త ప్లేటు తెచ్చాడు. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తుడుచుకుని, సుద్దపొడి రాసుకుని గాని దాన్ని ముట్టుకోలేదు. ప్లేటు అందివ్వడానికి నాన్న ముందుకొస్తే ఆపాడు. "నీ సేతులు వొద్దు భాయ్. గుంట సేతులు కావాల." గుంటంటే పిల్ల, అంటే నేను. నాన్న తన అరచేతులు చూసుకున్నాడు. ఎంత కడిగినా గీతల్లోంచి నలుపు పోని చేతులు. వెనక్కి పెట్టేసుకున్నాడు. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి ఒక కర్ర కావాలంటే అమ్మ అప్పడాల కర్ర తెచ్చాను. దాని చివర గుడ్డ పీలిక చుట్టి, రంధ్రంలో దూర్చి, ప్లేటు నిలబెట్టి, చుట్టూ బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాం. సాయంత్రానికి జీపు మళ్లీ జీపైంది. బ్రేకు కట్టి టాప్ గేరులో వదిలితే ఇంజను చక్కగా చచ్చింది.

శనివారం కమిటీ కూర్చుంది. నేను వరండాలో ఉన్నాను. ఇంక నాన్న నిజం చెప్తాడు, నా కాలు బయటపడుతుంది, మంగళవారం పరీక్షకి వెళ్తాను అనుకుంటున్నాను. సాల్మన్ గారు అడిగాడు, "దానియేలు గారూ, యంత్ర విషయములు మీకు తెలియును. ఏల చెడెను?" కుర్చీ కిర్రుమంది. నాన్న గొంతు వినబడింది. "ప్లేటు అరిగిపోనాది బాబూ." "దేని వలన?" సాల్మన్ గారు వదల్లేదు. "మరేటి... కాలి వొల్లే అరుగుతాది."

ఈ వయసులో ఆయన్ని అర్థం చేసుకోగలను. కూలీ ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక సంతకం నేర్చుకుని, గుమస్తాల మధ్య ఒక కుర్చీ సంపాదించుకున్న మనిషి. యంత్రాల సంగతి దానియేలుకి తెలుసు అనే ఒక్క మాట మీద ఆ కుర్చీ నిలబడింది. ఆ మాట పోతే కుర్చీ పోతుంది. ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఆ గ్రీజు గన్ను తీసుకెళ్లి నదిలో పారేద్దామనిపించింది. ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పి, గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

అమ్మ ఒక్క ప్రశ్న వేసింది. "ఆ పాత బిల్ల ఏదీ?" జీపు పక్కనే పడి ఉందన్నాను. వెళ్లి తెచ్చింది. చింతపండు, బూడిద పెట్టి గంటసేపు తోమింది. అప్పటిదాకా అన్నం తపేలా కింద గడ్డి చుట్ట ఉండేది. దాన్ని తీసి పొయ్యిలో పెట్టి, దాని స్థానంలో క్లచ్ ప్లేటు పెట్టి, పైన తపేలా పెట్టి, "రాండి, వొడ్డించినాను" అని నాన్నని పిలిచింది. నాన్న కూర్చున్నాడు. చూశాడు. అమ్మ ఏమీ తెలియనట్టు అన్నం వడ్డిస్తూ, "తపేలా జారట్లేదు. బాగా పట్టీసినాది" అంది. నాన్న నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు.

మర్నాడు ఆదివారం. మా ఆరాధనలో సాక్ష్యాల సమయం అని ఒకటి ఉండేది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్లు లేచి చెప్పేవాళ్లు. ప్రతి వాక్యానికీ సంఘమంతా "స్తోత్రం!" అనేది. నాన్న ప్రతి ఆదివారం ఒకటే సాక్ష్యం చెప్పేవాడు, క్రేను మీద నుంచి పడ్డా మోకాలు విరగలేదని. ఏళ్ల తరబడి విని విని జనం వినడం మానేశారు. ఆయన ఊపిరి తీసుకునే చోట స్తోత్రం వేసేసేవారు, అంతే. ఆ రోజు నాన్న లేవగానే అందరూ మోకాలి కోసం సర్దుక్కూర్చున్నారు.

"అయ్యలారా, అమ్మలారా, నాను ఒక తప్పు సేసినాను."

"స్తోత్రం!"

"జీపు క్లచ్చి పాడుసేసింది నా గుంట కాదు. నాను."

"స్తోత్రం!" సాల్మన్ గారి గొంతు అందరికంటే గట్టిగా వినబడింది.

"ఆ పెడలు సానా కటువు. గుంట ఇంటికొచ్చి రాత్రుల్లు కాలు నొక్కుకునీది. నాను సూసినాను. మెత్తబడతాదని పెతీ శనోరం ఆ సందులోన గ్రీజు కొట్టినాను. నిన్న కమిటీలోన అబద్దం సెప్పినాను."

ఈసారి సగం మందే స్తోత్రం అన్నారు. మిగతా సగం మందికి చెవుల దాకా అందింది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న నాకు మాత్రం కమిటీ మాటే తోచలేదు. నేను కాలు నొక్కుకోవడం ఆయన చూశాడన్న సంగతే నాకు తెలియదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను.

ఆరాధన అయ్యాక కమిటీ అత్యవసరంగా కూర్చుంది. చిక్కొచ్చి పడింది. ఒకసారి మినిట్స్‌లో రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదని సాల్మన్ గారు పట్టుబట్టాడు. గ్రీజు సంగతి రాస్తే సంఘ పెద్ద అబద్ధమాడాడని రాసినట్టవుతుంది, అది ఇంకా వీల్లేదు. అయ్యగారు ఆ రోజు మొట్టమొదటిసారి బల్ల గుద్ది, ఆ పిల్లకి ఎల్లుండి పరీక్ష ఉంది, ఏదో ఒకటి రాయండి అన్నారు. చివరికి ఇలా రాశారు: కుమారి కరుణ యొక్క ఎడమ పాదము క్షమింపబడినది. ఆ పుస్తకం ఇప్పటికీ ఎక్కడో ఉండే ఉంటుంది. దాని ప్రకారం నేను క్షమాపణ పొందిన దోషిని. నాన్న కుర్చీ నాన్నకే ఉంది. ఇదంతా చెప్తే సుజన్ పడీ పడీ నవ్వాడు. వాళ్ల సెక్టార్ ఫైవ్ ఆఫీసులో కూడా ఏదైనా ఆగిపోతే ముందు మీటింగు పెట్టుకుని ఎవరి వల్ల ఆగిందో తేలుస్తారట, బాగుచెయ్యడం తరవాతట. మా కమిటీ చచ్చిపోయిందనుకున్నాను. ఏసీ గదిలోకి మారిందన్నమాట.

మంగళవారం పరీక్ష పాసయ్యాను. ఇన్‌స్పెక్టరు నా కాళ్ల వైపు ఒక్కసారైనా చూడలేదు. ఇంటికొచ్చి చెప్పగానే నాన్న మెల్లగా, "మరి ఆ బిల్ల తీసెయ్యొచ్చు కదేటి" అని అమ్మని అడిగాడు. "కుదురు బాగున్నాది, ఉండనియ్యండి" అంది అమ్మ. ఉండనిచ్చింది. ఆయన పోయేదాకా ఆయన అన్నం దాని మీద నుంచే దిగింది. మొదట్లో చూపు తిప్పుకునేవాడు. తరవాత తరవాత, చుట్టాలొస్తే తనే తపేలా ఎత్తి చూపించి కథంతా చెప్పేవాడు, ప్రతి వాక్యానికీ కాస్త ఆగి, ఎవరైనా స్తోత్రం అంటారేమోనన్నట్టు.

ఆ ప్లేటు గోడకి తగిలిస్తానన్నాడు సుజన్. ఇవ్వలేదు. నా సంచీలో వేసుకుని తెచ్చుకున్నాను. నా రైసు కుక్కరుకి కుదురు అక్కర్లేదు, అయినా దాని మీదే పెట్టాను.

దవాఖానా వాళ్లు నాకు ఒక జీపు ఇచ్చారు. రోజూ పొద్దున్న అది మా సందు మొగలో నిలబడి ఉండేది. నేను బయల్దేరే వేళకి నాన్న కుళాయి దగ్గర చేతులు తోముకుంటూ ఉండేవాడు. నేను ఎక్కగానే దగ్గరికొచ్చి, తడి చేతులు రెండూ ముందుకి చాపి, అరచేతులు తిప్పి చూపించేవాడు. గీతల్లో నలుపు అలాగే ఉండేది. "సూడమ్మా, నాను ఏటీ ముట్టుకోనేదు" అనేవాడు. ఒకరోజు కాదు, ఒక ఏడాది కాదు, డ్యూటీకి పోయే ప్రతి రోజూ. నేను చూశానన్నట్టు తల ఊపి, ఎడమ కాలు పెడల్ మీద పెట్టేదాన్ని. ఆ జీపు పెడల్ చర్చి జీపు దానికంటే కటువు. ఆ మాట ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.